ఒకటిన్నర చుట్టు

నా మాటల్లో నూటికి తొంభై కోతలేనని మా వీధిలో అందరికీ తెలుసు. దోమ రెక్కను తూచానని, ఏనుగు తుమ్మితే నా కాటా ముల్లు నెల రోజులు ఊగిందని చెబితే నవ్వుకుంటూ వినేవారు. కాటాలు బాగుచేయడం నా పని. నోరు ఎన్ని కోసినా, చేయి మాత్రం ముల్లును సున్నా దగ్గరే నిలబెట్టేది. ఒక్కసారి తప్ప.

మా అమ్మాయి మొదటి భర్త జ్వరంతో పోయాడు. అతనికి పుట్టిన పిల్ల మూడు కిలోల మూడు వందలు, ఆనపకాయలా ఉండేది. నాలుగేళ్లకు అమ్మాయికి మళ్లీ పెళ్లి చేశాం. రెండో అల్లుడికి పుట్టిన పాప కిలో తొమ్మిది వందలు తూగింది.

వియ్యపురాలు మంచం పక్కన నిలబడి, గొంతు పెంచకుండానే అంది: "పోయినవాడికి నిండుగా కన్నావు. మావాడికి మాత్రం పిట్టపిల్లా? మనసింకా అక్కడే ఉంటే బిడ్డకేం ఒంటబడుతుంది?"

వార్డు నర్సు సర్దిచెప్పబోయింది. తండ్రి మారితే కొందరిలో తర్వాతి బిడ్డ కాస్త తేలికగా పుడుతుందట, ఒంటికది మళ్లీ తొలికాన్పులాంటిదట, తల్లి తప్పేమీ లేదట. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. మా అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం ముట్టలేదు.

ఆ వార్డులో రెండు కిలోలకు తక్కువ ఉన్న బిడ్డను వెచ్చటి గదిలో ఉంచుతారు. దాటితే ఇంటికి పంపుతారు. అక్కడి కాటాను ఏటా పరీక్షించేది నేనే. తక్కువ చూపిస్తున్నట్టుంది, ఓసారి చూస్తానంటే నర్సు పక్కకు జరిగింది. పళ్లెం కింది మరను ఒకటిన్నర చుట్టు తిప్పాను. కూతురు తలెత్తుకోవాలన్నదే నా ఆలోచన. వెచ్చటి గది గుర్తురాలేదంటే అదీ కోతే అవుతుంది. గుర్తొచ్చింది. రెండు కిలోలకు తక్కువైన వంద గ్రాములకేం అవుతుందిలే అనుకున్నాను.

మళ్లీ తూచారు. రెండు కిలోల నూట యాభై. వియ్యపురాలు మొదటిసారి పాపను ఎత్తుకుంది. వారం తిరిగేసరికి ఈ పిల్లే మిమ్మల్ని చంకనేసుకుని తిప్పుతుందని ఆవిడతో అన్నాను. మా అమ్మాయి కూడా నవ్వింది. ఆ సాయంత్రమే ఇంటికి పంపేశారు.

మూడో రోజు పాప ఒళ్లు చల్లబడింది. దుప్పట్లు కప్పాం, గుండెకు హత్తుకున్నాం. ఆసుపత్రి మెట్లు ఎక్కేలోపే అంతా అయిపోయింది.

రెండు కిలోలు దాటిన బిడ్డ ఊరికే ఎలా పోతుందని వియ్యపురాలు అడిగింది. మా అమ్మాయి పాలు పట్టలేదంది, ఒళ్లు మరిచి నిద్రపోయిందంది. ఇక నేను ఆగలేకపోయాను.

"కాటా తిప్పింది నేనమ్మా. పాప రెండు కిలోలు లేనే లేదు."

"ఊరుకోండి అన్నయ్యగారూ," అంది ఆవిడ. "కూతుర్ని వెనకేసుకు రావడానికి ఇవాళ కూడా కోతలేనా?"

అల్లుడు నా భుజం తట్టి బయటికి వెళ్లిపోయాడు.

మా అమ్మాయి మాత్రం నా చేతులవైపు చూసింది. చిన్నప్పుడు నా పక్కన కూర్చుని తూకపురాళ్లు తుడిచిన పిల్ల. మర ఎంత తిప్పితే ముల్లు ఎంత జరుగుతుందో దానికి తెలుసు.

"ఎన్ని చుట్లు నాన్నా?"

"ఒకటిన్నర."

వేళ్లమీద లెక్కవేసుకుంది. కాటాలో పెరిగిన రెండు వందల యాభై గ్రాములకు సరిపోయింది. ఆ తర్వాత నన్నేమీ అడగలేదు.