సద్ది తెచ్చిన మనిషి

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే రిటైర్డ్ టీచర్ స్వరూపరాణికి ఒక రోజు శైలేందర్ ఫోన్ చేశాడు. బ్యాంకు ఉద్యోగి, ఎల్‌బీనగర్‌లో ఫిలిం క్లబ్బు నడుపుతాడు.

"మేడం, మీ నాయనమ్మ అండాలమ్మ గారి సినిమా ఏస్తున్నం. ఇంట్ల మనిషిగ మీరొచ్చి నాలుగు మాటలు చెప్పాలె."

అండాలమ్మ మూకీల కాలంలో బొంబాయిలో పేరుమోసిన తార. పెళ్లితో తెరకు దూరమైంది. నలభై అయిదేళ్లు గడిచాక, అరవై రెండో ఏట, ఒక సినిమాలో రాళ్లు కొట్టే ముసలమ్మగా వేసింది. పత్రికలన్నీ ఆమెను ఆకాశానికెత్తాయి.

స్వరూపరాణి రెండు పేజీల ప్రసంగం రాసుకుని వెళ్లింది. అందులో గర్వం అన్న మాట ఆరుసార్లు ఉంది.

తెర మీద అండాలమ్మ నెత్తిన కంకర తట్టతో, నోరు మెదపకుండా, తనను వదిలేసి పోయిన కొడుకును చూపుతోనే క్షమించింది. లైట్లు వెలిగాయి. స్వరూపరాణి మైకు ముందు నిలబడింది గానీ కాగితం చదవలేకపోయింది.

"గీ సినిమా వచ్చినప్పుడు నేను ఏడో తరగతి," అని మొదలుపెట్టి, ఎవరికీ చెప్పనిది చెప్పేసింది.

అప్పట్లో మూసారాంబాగ్ బడికి రోజూ మధ్యాహ్నం నాయనమ్మే సద్ది తెచ్చేది. సినిమా చూసొచ్చిన ఒక పిల్ల గేటు దగ్గర అడిగింది. "గా రాళ్లు కొట్టే ముసలామె మీ నాయనమ్మనా?"

"కాదు. మా ఇంట్ల పనామె," అంది స్వరూప.

మూడడుగుల దూరంలో ఉన్న అండాలమ్మ విన్నది. కొంగు తల మీదికి లాక్కుంది. నడుం కాస్త వంచి, గేటు బయటి నుంచే డబ్బా అందించింది.

"దొరసానమ్మ సద్ది పంపిండ్రు. మీరు తినుండ్రి."

పుట్టినప్పటి నుంచి బిడ్డా అని పిలిచిన మనిషి ఆ రోజు మీరు అంది. ఏడాది పొడుగునా ప్రతి మధ్యాహ్నం అట్లాగే అంది. ఒకసారి ఆ పిల్ల వాళ్లమ్మ పాత చీర తెచ్చిస్తే కళ్లకద్దుకుని తీసుకుంది. సాయంత్రం ఇంట్లో మాత్రం ఎప్పటిలాగే మనవరాలికి జడ వేసేది. స్వరూప తండ్రితో ఒక్క మాట చెప్పలేదు. స్వరూప ఇంటర్‌లో ఉండగా కన్నుమూసింది. అప్పటికీ స్వరూప తప్పయిందని అనలేదు.

హాలంతా చప్పట్లు. స్వరూపరాణికి నాయనమ్మను మరోసారి తన అవసరానికి వాడుకున్నట్టు అనిపించింది.

"మీ మాటల వీడియో నెట్ల పెడ్తం మేడం," అన్నాడు శైలేందర్ మెల్లగా. "గా పనామె ముచ్చట తీసేద్దామా? మీకు బాగుండదేమో."

"అది తీసేస్తే ఇంకేం మిగుల్తది? ఉంచుండ్రి."

ఇంటికొచ్చి కూతురు సంధ్యారాణి పక్కన కూర్చుంది. వీడియో చూసేలోపు తన నోటనే వినాలంది. హాల్లో సాఫీగా వచ్చిన మాటలు ఇక్కడ ముక్కలు ముక్కలుగా వచ్చాయి.

సంధ్యారాణి ఓదార్చలేదు. "అన్ని దినాలు గా సద్ది ఎట్ల తిన్నవమ్మా?" అని మాత్రం అడిగింది.

స్వరూపరాణి తలెత్తలేదు. "ఆకలైతుండె," అంది.