పొయ్యివైపు చోటు

పాల్‌బోక్ కుడిచెయ్యి భుజం దాకా పొయ్యిలో ఉంది. చెంప మట్టిగోడకు ఆనించి, కళ్ళు మూసుకుని, వెదురుబద్దను గది నేల కిందికి తోస్తున్నాడు. బద్ద చివర కట్టిన కుచ్చు రాతిపలకల కింద పొగదారిలో గీరుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగింది. వెనక్కి లాగి, తిప్పి, మళ్ళీ తోశాడు. మసి జలజలా రాలింది. ఎడమచెయ్యి పొద్దుటి నుంచీ తిమ్మిరిగా ఉంది. వంగి పనిచేసేవాడి ఒళ్ళు అంతేలే అనుకున్నాడు.

ఇంచోన్ రేవు మీది మా కొండవాడలో ఇంటింటి పొగదారులు దులపడం అతని పని. మా ఇళ్ళలో పొయ్యి పొగ నేల కింది దారుల్లోంచి పోతూ గది నేలను వేడి చేస్తుంది. ఏటా దులిపితే పొగ బయటికి పోతుంది, లేకపోతే గదిలోకి వస్తుంది. అతనికి తెలిసిన తత్వం అంతే. జేగంట కొట్టుకుంటూ మెట్లెక్కి వచ్చేవాడు. ఆ గంట మోగితే రేవులో పోటు ఒక అడుగు వెనక్కి తగ్గేదని మావాళ్ళు చెప్పుకునేవారు. నేను పూర్తిగా నమ్మను. అరడుగు తగ్గి ఉండొచ్చు. దర్జీ చోయ్ ఇంట్లో అతను లాగిన మసిని సిరా చేసుకుని వాడంతా ఏడాదిపాటు ఉత్తరాలు రాసుకున్నామని కూడా అంటారు. ఇలాంటివి విని అందరూ నవ్వేవారు, అతను తప్ప. కోపమేం కాదు. అతనికి నవ్వూ రాదు, ఏడుపూ రాదు.

యుద్ధం ముగిసిన ఏడాది చలికాలంలో అతను తన తల్లికి పొయ్యివైపు చోటులో పరుపు వేశాడు. నేల బాగా కాలేది అక్కడే. పెద్దలకు ఇవ్వాల్సిందీ ఆ చోటే. మంచి కొడుకని వాడంతా మెచ్చుకుంది. బాగా కాలే చోటే ముందు పగులుతుందని, ఆ పగుల్లోంచి బొగ్గుపొగ విషం లేస్తుందని అప్పటికి అతనికి తెలియదు. తెల్లారి తల్లి లేవలేదు. తలుపు పక్కన చలిలో పడుకున్న అతను లేచాడు. లేచాడంటే లేచాడు, అంతే.

ఇవాళ దులుపుతున్నది యాంగ్ అవ్వ ఇల్లు. ఆకులు రాలే రోజుల్లోనే పిలవాల్సిన కోడలు కప్‌సూన్, నీళ్ళు గడ్డకట్టాక పిలిచింది. దులపడం అయ్యాక అతను పొయ్యిలో తడిగడ్డి అంటించి, గదిలోకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. పొయ్యివైపు, నేల మీద పరిచి అంటించిన నూనెకాగితం అంచులోంచి సన్నటి పొగ లేచింది.

"చూడమ్మా."

"దారప్పోగంత పొగకి ఇంత హడావిడేంటి బాబాయ్?"

"నేల పగిలింది. రాత్రి నిద్రలో పొగ పీల్చినా తెలీదు."

కాగితం లేపి, పగులులో బంకమట్టి కూరి, బొటనవేలితో నున్నగా నొక్కాడు. "ఇది ఆరేదాకా పొయ్యి వెలిగించకు. వెలిగిస్తే అవ్వ పరుపు తలుపు వైపుకి మార్చి, కిటికీ తెరిచిపెట్టు."

"అత్తయ్యని తలుపు దగ్గర పడుకోబెట్టనా! అసలే సాయంత్రం మా ఆడపడుచు వస్తోంది. వాడంతా నా మొహాన ఉమ్మెయ్యదూ?"

మూల కూర్చున్న అవ్వ గొంతు సవరించుకుంది. "కాపురానికొచ్చిన కాడ్నించీ మా అత్త పోయేదాకా ఆ తలుపు పక్కనే ముడుచుకు పడుకున్నా. ఈ చోటు నాకెవడూ దానమివ్వలేదు, ముసలిదాన్నై సంపాదించుకున్నా. నన్ను కదపాలంటే పాడె తెచ్చుకోరా, మసిమొహమోడా!"

"అదే తేవాల్సొస్తుందక్కా."

"తే, చూస్తా! నీ గంట కూడా తే. ఊరేగింపు జోరుగా ఉంటుంది."

పాల్‌బోక్ బద్దలు చుట్టుకున్నాడు. తను మలుపు తిరగ్గానే ఈ పొయ్యి వెలుగుతుందని తెలుసు. పొయ్యి ఖాళీ చేసినప్పుడు తీసిన బొగ్గుదిమ్మ, బొగ్గుపొడిని చిల్లులతో అచ్చుపోసింది, పెరట్లో ఎర్రగా కాలుతూ ఉంది. దాని చిల్లుల్లో పట్టకారు దూర్చి లేపాడు.

"కూలి వద్దు. ఇది పట్టుకుపోతున్నా."

"అయ్యో, నా నిప్పు! బాబాయ్!"

అతను అప్పటికే గుమ్మం దాటాడు.

దిమ్మ అగ్గిపుల్లకు అంటుకోదు కనుక, మా వాడలో పొయ్యి ఆరితే పక్కింటి నుంచి కాలుతున్న దిమ్మ తెచ్చుకుంటారు. లేదనేవాళ్ళు ఉండరు. అందుకని అతను ప్రతి గుమ్మం ముందూ ఆగాడు. "ఇవాళ అవ్వ ఇంటికి నిప్పివ్వొద్దు. నేల పగిలింది."

చేపలమ్మే బే వదిన మూతి తిప్పింది. "నిప్పడిగితే లేదనాలా? మా ఇంటికి దరిద్రం చుట్టుకోదూ?"

"ఇస్తే ముసలావిడ పోతుంది."

"ఏడాదికి సరిపడా మాటలు ఇవాళే ఆడేస్తున్నావే!"

మా గుమ్మం దగ్గరా ఆగాడు. "అవ్వ తిట్లు చాలవూ గది వేడెక్కడానికి?" అన్నాను. నవ్వలేదు. "ఇవ్వొద్దు," అన్నాడు మళ్ళీ.

పొద్దు వాలుతుండగా కప్‌సూన్ ఖాళీ పట్టకారుతో ఇల్లిల్లూ తిరిగింది. బే వదిన తలుపు సందులోంచే లేదంది. నేనూ లేదన్నాను. అలా దిగుతూ దిగుతూ కింది మలుపుకు చేరేసరికి, అక్కడ పాల్‌బోక్ గోడకు ఆనుకుని మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం రొమ్మును తాకుతోంది. కాళ్ళ ముందు దిమ్మ ఇంకా ఎర్రగానే ఉంది.

"నా నిప్పుతో చలి కాచుకుంటున్నావా? మా ఆడపడుచు కోటు విప్పకుండా కూర్చుంది, తెలుసా? వీధంతా అడుక్కున్నాను! ఏం, మాట్లాడవేం?"

అతను మాట్లాడకపోవడం కొత్త కాదు కనుక ఆమె ఇంకా కాసేపు తిట్టింది. తర్వాత భుజం తట్టింది. అతను మెల్లగా పక్కకి ఒరిగిపోయాడు.

కప్‌సూన్ అటూ ఇటూ చూసింది. దిమ్మలో సగం నిప్పు మిగిలే ఉంది. ఈ రాత్రికి సరిపోతుంది. చిల్లుల్లోకి పట్టకారు దూర్చింది. మళ్ళీ ఉత్త పట్టకారే బయటికి తీసింది. ఆ తర్వాత మమ్మల్ని కేకేసింది.

అతన్ని నలుగురం మోసుకుపోయాం. బరువే లేడు.

అవ్వ తన చోటు వదల్లేదు. చల్లటి నేల మీద, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని, పోయినవాణ్ణి కూడా తిడుతూ పడుకుంది. పొద్దున్నే లేచి గంజి అడిగింది.

రాత్రి మెట్ల మీద మంచు పేరుకుంది. అలాంటప్పుడు కాళ్ళు జారకుండా, కాలిపోయిన దిమ్మలను చితగ్గొట్టి దారంతా చల్లుతాం. ఆ పొద్దుటా చల్లాం. కింది మలుపు మెట్టు మీద మాత్రం ఆ దిమ్మ కాలి తెల్లబడి, చిల్లులతో సహా చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. అందరూ దాని పక్కనుంచే దిగుతున్నారు.