మైనస్ నాలుగు

మా పడకగదిలో మంచం పక్కన ఒక నీలం పెట్టె ఉండేది. కొత్త కోడలి గదిలో బీరువా ఉంటుంది, అద్దం ఉంటుంది. నా గదిలో గొర్రెల టీకా మందు ఉండేది. పెట్టె లోపలి మోటారు సన్నగా మూలుగుతుంటే, అది మన మాటలు వింటోందని చెప్పి మా ఆయన జయచంద్ర దాని మీద తువ్వాలు కప్పేవాడు. నాకు నవ్వాగేది కాదు.

ఆ పెట్టె పుట్టింది నైరోబీలో. పెళ్లికి ముందు జయచంద్ర రెండేళ్లు అక్కడ పనిచేశాడు. టైర్ల అంగడి మీద ఒకే గది, అందులో ఆరుగురు ఇంజనీర్లు, అదే కంపెనీ. కెన్యా ఉత్తరాన ఎండుభూముల్లో మేకలు కాసేవాళ్లకు ఫ్రిజ్ ఉండదు గానీ, బటన్ల ఫోను మాత్రం అందరి దగ్గరా ఉంటుందట. అందుకని వీళ్లు టీకా మందును చల్లగా ఉంచే పెట్టె చేసి, అందులో ఒక సిమ్ కార్డు, కరెంటు పోయినా దాన్ని నడిపే చిన్న బ్యాటరీ పెట్టారు. లోపల ఎంత చల్లగా ఉందో ఆ పెట్టె తానే ఫోనుకు మెసేజీ పంపుతుంది. అక్కడ బాగా నడిచింది. మన గొర్రెలవాళ్లకూ పనికొస్తుందని జయచంద్ర కంపెనీని ఒప్పించి, మొదటి పెట్టెను పులివెందుల దగ్గర తన సొంత ఊరికే తెచ్చాడు.

అక్కడివాళ్లు దాన్ని 'సందుకు' అంటారు, వాళ్ల భాషలో పెట్టె అని. మా వీధిలో ఐసు, సోడాలు అమ్మే ఖలందర్ ఆ పేరు విని, "సందూకా! అది మా ఉర్దూ మాటే గదమ్మా, ఆఫ్రికాకు ఎప్పుడు పోయిందది?" అన్నాడు. ఆ సంగతి నేను వారం రోజులు అందరికీ చెప్పుకుని తిరిగాను.

జయచంద్ర ఎప్పుడూ సిగ్నల్ లేని గుట్టల్లో తిరుగుతుంటాడు. బి.ఎస్సీ. చదివినదాన్ని ఇంట్లో ఉన్నానని పెట్టె బాధ్యత నాకిచ్చాడు. పొద్దున ఆరుకు, సాయంత్రం ఆరుకు నా ఫోను టింగుమనేది. "సందుకు 5 డిగ్రీలు. అంతా క్షేమం." ఆ ఒక్క లైను సముద్రం దాటి నైరోబీకి వెళ్లి మళ్లీ నా అరచేతిలోకి వస్తుందంటే, దాని కోసం నేను ముందే లేచి కూర్చునేదాన్ని.

నైరోబీ నుంచి వాంజికు అనే అమ్మాయి వీడియోలో నాకు గంటసేపు పని నేర్పింది. ఆమె జడల్లో నీలం పూసలున్నాయి. నా చేతుల గోరింటాకు చూపించమంది. నేను రెండు చేతులూ తిప్పి తిప్పి చూపించాను. ఆమె పూసలు లెక్కపెట్టాను. ఆ తరువాత ఏ మెసేజీ వస్తే ఏ అంకె నొక్కాలో ఏదో చెప్పింది. నేను తలూపాను.

పెళ్లయిన నాలుగో వారానికి ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు, అత్త ఒకే గడప దాటకూడదు కాబట్టి నన్ను ప్రొద్దుటూరుకు, మా అమ్మ వాళ్లింటికి పంపారు. బస్సెక్కేముందు జయచంద్ర అన్నాడు: "పెట్టె ఈడ, నువ్వు ఆడ. నంబరు అమ్మ పేరుకు మార్పిస్తా."

"వద్దప్పా. ఆ మెసేజీలు ఒగటే గదా నీ కబుర్లు నాకు మోసుకొచ్చేది," అన్నాను.

"సరేలే," అని నవ్వాడు. నేను బతిమాలితే ఆయన కాదనలేడని అప్పటికే నాకు తెలుసు.

అమ్మ వాళ్లింట్లో నాలుగో రోజు. మిద్దె మీద వడియాలు పెడుతున్నాం. ఎండ నలభై రెండు దాటింది. మధ్యాహ్నం పన్నెండుకు, రాకూడని వేళలో, ఫోను టింగుమంది.

"సందుకు మైనస్ 4 డిగ్రీలు. తగిన చర్య తీసుకుని 1 నొక్కండి."

నేను ఫోనును అమ్మ మొహం ముందు ఊపాను. "చూడుమా! మనం ఈడ మాడి సస్తాంటే మా ఇంట్లో మంచు పడ్తాంది!"

"మరి నువ్వెందుకొచ్చినావే? ఆ పెట్టెలో కూచోకపోయినావా?" అంది అమ్మ.

ఇద్దరం నవ్వుకున్నాం. చల్లదనం ఎక్కువైతే తప్పేముంటుంది? ఈ సీమలో పుట్టినవాళ్లం, చల్లదనానికి భయపడటం మాకెవరూ నేర్పలేదు. పిండి వేలితోనే 1 నొక్కాను.

సాయంత్రం జయచంద్ర జమ్మలమడుగు నుంచి ఫోను చేశాడు. "రేపు చిన్నాయన మందకు సూదులేస్తాండాం. సందుకు బాగుందా?"

"సూపర్ గా ఉంది," అన్నాను.

చిన్నాయన అంటే కుళ్లాయప్ప చిన్నమామ. ఆయనకు సెంటు భూమి లేదు. ఉన్నదంతా నూట నలభై గొర్రెలు. మా పెళ్లిలో ఆయనే నా చేతిలో ఒక గొర్రెపిల్లను పెట్టి ఫోటో దిగమన్నాడు. ఆ మందకు వేసేది చిటుకు రోగం టీకా. వానలు పడి లేతపచ్చిక మొలవగానే వచ్చే జబ్బు అది. చిటికె వేసేలోపల గొర్రె పడిపోతుందని ఆ పేరు. బక్కవి కాదు, బాగా మేసి బలిసినవే ముందు పోతాయట.

ఆ మర్నాడు నూట నలభైకీ సూదులు వేశారు. మూడు రోజులకు వాన పడింది.

తరువాతి గురువారం పొద్దున వాంజికు ఫోను చేసింది. ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటాం మేము. "గీతాంజలీ, నీ వల్ల మా రిపోర్టు ఎంత అందంగా వచ్చిందో తెలుసా? ఒక్క సీసా కూడా చెడిపోయి గొర్రెకు చేరలేదు! ఆ మైనస్ నాలుగు నాడు నువ్వు పారేసిన సీసాల నంబర్లు, కొత్తగా తెప్పించిన వాటి నంబర్లు పంపు చాలు."

"పారేసిన సీసాలా?"

"1 నొక్కావు కదా. 1 అంటే ఉన్నవి తీసేసి కొత్తవి పెట్టాను అని. ఈ మందు కాస్త వేడినైనా ఓర్చుకుంటుంది, గడ్డకడితే మాత్రం అయిపోయినట్టే. కరిగాక చూస్తే మామూలుగానే కనిపిస్తుంది, కానీ అందులో బలం ఉండదు. నేర్పించాను కదా ఆ రోజు!"

వెనకాల వాళ్ల ఆఫీసులో ఎవరో నవ్వుతున్నారు. "పంపుతాను," అన్నాను.

ఫోను పెట్టేసి మంచం మీద కూర్చున్నాను. నేను వెంటనే జయచంద్రకు ఫోను చేయాలి. చేతిలోనే ఉంది ఫోను. కానీ మర్నాడు శుక్రవారం ఆయన నన్ను చూడటానికి దొంగతనంగా ప్రొద్దుటూరు వస్తున్నాడు. ఆషాఢంలో కలవకూడదని రెండిళ్లలోనూ కట్టుబాటు. మూడు రోజులుగా మేమిద్దరం చిన్నపిల్లల్లాగా ఆ పథకమే వేసుకుంటున్నాం. ఎదురుగా చెప్తే బాగుంటుంది, ఒక్క రోజులో ఏమవుతుంది అనుకున్నాను. సాయంత్రం ఆరుకు "అంతా క్షేమం" అని మెసేజీ వచ్చింది. చదవకుండా ఫోనును బోర్లా పెట్టాను.

శుక్రవారం పొద్దున ఎనిమిదికి బస్టాండు దగ్గర హోటల్లో కూర్చున్నాం. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. ఆయన బండి మీద వచ్చి, హెల్మెట్ తీస్తే జుట్టంతా ఒకవైపుకు అణిగిపోయి ఉంది. దాన్ని సర్దబోయి చుట్టూ చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పరాయివాళ్లలా ఎదురెదురు కూర్చుని, బల్ల కింద కాళ్లు తొక్కుకుంటూ తినడం ఎంత బాగుందో. చెప్పాలి అనుకున్నాను. ఆయన టీ తాగేదాకా ఆగుదాం అనుకున్నాను.

"మన గుట్టంతా పచ్చగా అయింది మే," అన్నాడు ఆయన. "నువ్వు చూస్తే వదలవు. చిన్నాయన ఆనందం చెప్పలేం. ప్రతి ఏడూ వాన పడినాక పది గంటల దాకా మందను దొడ్లోనే పెట్టి, ఎండు సెనక్కట్టె మేపి గానీ పచ్చిక మీదికి తోల్తాండ్లా. ఈసారి సూది పడింది గదా, ఫోను కూడా క్షేమం అన్నె గదా అని తెల్లారంగనే వదుల్తాండాడు. ఇంగ చిటుక్కు భయపడేదే లేదంటాడు."

"ఎప్పట్నుంచి?"

"నిన్నట్నుంచే. మొన్నటిదాకా పచ్చిక పంటికి అందలా."

కొరికిన బజ్జీని పళ్లెంలో పెట్టేశాను. ఇంక ఆగలేకపోయాను. మైనస్ నాలుగు, పిండి వేలు, వాంజికు, అన్నీ చెప్పేశాను. ఆయన నా మొహం వైపు కాకుండా గ్లాసు వైపు చూస్తూ విన్నాడు. తరువాత వాళ్లమ్మకు ఫోను చేసి స్పీకర్ పెట్టాడు.

"మా, నేను జమ్మలమడుగులో ఉన్నరోజు కరెంటు పోయిందా?"

మా అత్త చిన్నసుబ్బమ్మ గొంతు హుషారుగా వచ్చింది. "పోలేదా మరి! ట్రాన్స్‌ఫార్మర్ కాలిపాయె. పెట్టె మూలుగు గూడా ఆగిపాయె. నీ మందు చెడిపోతాదేమోనని నేను ఖలందర్ కాడికి ఉరికి ఐసు తెచ్చి బుడ్ల చుట్టూ, మీద, శానా పేర్చినా. కుల్ఫీ డబ్బాకు మాదిరి ఉప్పేస్తే ఇంగా సల్లగైతాదని ఆయప్పే చెప్పె. బుడ్లు రాళ్ల మాదిరి అయినాయిరా! కరెంటు వచ్చినాక తీసి తుడిచి మళ్లా పెట్టినా. ఏం, బాగనే కాపాడినా గదా?"

"ఆ మా," అన్నాడు జయచంద్ర. "బాగనే కాపాడినావు." ఫోను పెట్టేశాడు.

కుళ్లాయప్ప చిన్నమామకు ఆరుసార్లు చేశాడు. గుట్ట మీద ఫోను అందదు.

"బండెక్కు," అన్నాడు నాతో.

జమ్మలమడుగు దాటాం. ముద్దనూరు దగ్గర థర్మల్ పొగగొట్టాల మీద మబ్బు నల్లగా వంగి ఉంది. నేను ఆయన నడుము చుట్టూ చేతులు వేసి, వీపుకు చెంప ఆనించి కూర్చున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ చేతులకు సంతోషంగానే ఉంది. దారి పొడవునా వాన పడిన నేల వాసన. ప్రతి గట్టు మీదా పచ్చిక. ఇరవై రోజుల కింద అయితే ఎంత బాగుందో అని ఆయన చెవిలో అరిచి ఉండేదాన్ని. ఇప్పుడు అది ఎంత లేతగా ఉంటే నాకు అంత భయం వేసింది.

"నైరోబీకి ఏమని చెప్తావు?" అని అడిగాను.

"మొదట చిన్నాయనకు చెప్పు. ఆ పని నీదే," అన్నాడు.

ఊళ్లోకి వెళ్లలేదు. మా అత్త గడప దాటకుండా చుట్టు తిరిగి గుట్ట కిందికి చేరేసరికి పదకొండయింది. వాలు మీదంతా గొర్రెలు తల ఎత్తకుండా మేస్తున్నాయి. పీకుతున్న పచ్చిక చప్పుడు కింది దాకా వినిపిస్తోంది. కుళ్లాయప్ప చిన్నమామ కర్ర మీద గడ్డం ఆనించి నిలబడి, మమ్మల్ని చూసి పెద్దగా నవ్వాడు.

"ఏమ్మే, ఆషాఢంలో వచ్చినావే! మీ అత్త చూసిందంటే నాకూ అన్నం పెట్టదు. ఏరా, పెండ్లాన్ని ఎత్తుకొచ్చినావా?"

మేమిద్దరం నవ్వలేదు. ఆయన అది గమనించలేదు. "చూడు, చూడు నా బిడ్డల్ని. కడుపులు ఎట్లుండాయో చూడు. ముప్పై ఏండ్లుగా గొర్రెలు కాస్తాండా, ఇంత నిబ్బరంగా ఎప్పుడూ మేపలా. అంతా మీ పెట్టె పుణ్యం."

"చిన్నమామా, మీ గొర్రెలకు వేసిన మందు పనిచేయదు," అన్నాను.

"ఏందమ్మా?"

"బుడ్లు గడ్డకట్టినాయి. మందు చచ్చిపోయింది. నాకు మెసేజీ వచ్చింది. నేను తెలీక బాగుందని చెప్పినా. మీరు నీళ్లకు సూదులేయించినట్టే."

ఆయన జయచంద్ర వైపు చూశాడు. జయచంద్ర తలదించుకున్నాడు. అప్పుడు ఆయన గొర్రెల వైపు చూశాడు, ఒక్కొక్కదాన్నీ కొత్తగా చూస్తున్నట్టు. కర్ర పట్టుకున్న చెయ్యి కిందికి జారింది.

"తెలీక చేసినావు. సరే. మందు చచ్చిందని నీకు ఎప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పాలని నాలుక చివరికి వచ్చింది. ఈ పొద్దున్నే అంటే సరిపోతుంది. ఎవరికీ తెలియదు.

"నిన్న పొద్దున, మామా."

"నిన్న పొద్దున," అన్నాడు ఆయన. తిట్టలేదు. వేళ్లు మడిచి లెక్క వేశాడు. "నిన్న పొద్దున చెప్పింటే ఇవి ఈ పచ్చిక ముట్టేవి గాదు. నిన్నంతా మేసినాయి. ఈ పొద్దూ మేసినాయి." ఆ తరువాత ఒక్కసారిగా గట్టిగా, "తోలండ్రా!" అన్నాడు. "దొడ్లోకి తోలండి! ఒగ గరిక గూడా నోట పెట్టనీయొద్దు!"

మేం ముగ్గురం మూడు దిక్కులకు పరుగెత్తాం. చెప్పులు జారుతుంటే విడిచి పారేశాను. గొర్రెలు వెళ్లనంటున్నాయి. ఏడాదంతా ఎదురుచూసిన పచ్చిక. నెడితే పక్కకు జరిగి మళ్లీ నోరు పెడుతున్నాయి. నేను చేతులు చాపి అరుస్తూ, ఏడుస్తూ వాటిని కిందికి తరుముతున్నాను. అరవై దాకా వాలు దిగాయి. దుమ్ములో వాటి వీపులు కదిలిపోతుంటే, బతికే ఉన్నాయి, అన్నీ బతికే ఉన్నాయి అని నాలో నేను అనుకుంటున్నాను.

అప్పుడు మంద ముందున్న పెద్ద పొట్టేలు ఆగింది. మెడ వెనక్కి విరిచి, నేల మీద ఏమీ లేని చోట ఒక్క ఎగురు ఎగిరింది. పక్కకు పడి కాళ్లు కొట్టుకుంది. నేను దాని దగ్గరికి పరుగెత్తబోయాను.

"దాన్ని చూడొద్దు!" పైనుంచి చిన్నమామ అరిచాడు. "అది పోయె. నిలబడినాటిని తోలు, మే! నిలబడినాటిని తోలు!"

నేను పొట్టేలును దాటుకుని మిగిలినవాటిని తోలాను. నా వెనక ఇంకొకటి పడిన చప్పుడు వినిపించింది. తిరిగి చూడలేదు.