తోక విరిగిన మత్స్యము

హేమంతము కడపటి దినములలో ఇసుకమిట్ట రేవునందు ప్రాతఃకాలము మిగుల ఆలస్యముగా కన్ను విప్పుచుండెను. సముద్రముపైనుండి లేచిన మంచు ఉప్పుమడులను దాటి కాలువగట్లను కప్పి సాలెవీథుల యిండ్లకప్పులను సయితము మ్రింగివేయగా లంగరు వేసియున్న ఓడల కొయ్యస్తంభములు మాత్రము ఆకసమున నిలువుగా గీచిన నల్లగీతలవలె కానవచ్చుచుండెను. ఆ గీతలను మాటిమాటికి లెక్కించుకొనుచు కాలువయొడ్డున నిలిచిన అద్దకపు పనివాడు వల్లభన్నకు ఆ యుదయమున పుట్టిన వణకు చలివలనిది కాదు. ముప్పదియెనిమిదేండ్ల వయస్సున అతడు తనకు తానే యజమానుడై నాటికి మూడవ దినము.

అంతకుముందు పదునెనిమిదేండ్లు అతడు పెద్దిసెట్టిగారి అద్దకపు కొట్టమున తల వంచి కలము పట్టినవాడు. వెదురుకలమునకు ఉన్ని చుట్టి నల్లరంగున ముంచి ఊపిరి బిగబట్టి తామరతీగ నొక్క గీతలో వ్రాయుట అతనికి తెలియును. పటికనీరు పూసిన చోట ఎఱుపు పట్టుననియు కరక్కాయనీటిలోను గేదెపాలలోను నానిన గుడ్డకు పట్టిన నలుపు ఆచంద్రార్కము పోదనియు తెలియును. వస్త్రము కొట్టము గడప దాటిన పిమ్మట దాని గతి యేమగునో మాత్రము తెలియదు. వార్ధక్యమున కొట్టము మూసివేసి కుమార్తె యింటికి తరలిపోవుచు పెద్దిసెట్టి అతనికి రావలసిన రెండు మాసముల జీతమునకు బదులుగా పండ్రెండు నేతవస్త్రములను రంగుకుండలను ఒప్పగించి "కూలివాడవుగానే కడతేరనేల వల్లభన్నా? నీ చేతిపని నీ పేరనే అమ్ముకొనుము" అని భుజము తట్టి బండి యెక్కెను. మాఘపూర్ణిమకు లంగరెత్తు ఓడలోనికి పండ్రెండింటిని కొనెదనని నాగిసెట్టి యను ఓడవర్తకుడు మాట యిచ్చెను. వల్లభన్నకును భార్య నూకమకును ఆ యేటి గ్రాసమంతయు ఆ పండ్రెండు వస్త్రములలోనే మూట గట్టబడి యుండెను.

అంతయు బాగుగనే యున్నది. సుంకమొక్కటియే గుండెలో ముల్లై నిలిచినది. ఓడ యెక్కు ప్రతివస్త్రమునకును దాని వెలలో ఇరువదియవ పాలు రాజునకు చెల్లింపవలెననియు చెల్లించినదానికి గుర్తుగా మూలయందు మత్స్యముద్ర పడవలెననియు ముద్రలేని సరకును రేవు గవని వాకిటియొద్ద భటులు లాగికొందురనియు అతడు వినియుండెను. పులిని చూచినవానికంటె పులిమాట విన్నవానికే భయ మెక్కువ. పెద్దిసెట్టి సుంకపు చావడినుండి వచ్చినప్పుడెల్ల తలపాగ విసరివైచి రెండు చెంబుల నీళ్లు త్రాగుట కొట్టమున కూర్చుండి యితడు పదునెనిమిదేండ్లు చూచెను గాని ఆ ముద్ర వేయు వేళ యేదో ఒక్కనాడును చూచియుండలేదు.

కావున వల్లభన్న యేమి చేసెననగా భయపడినవాడు చేయునట్టిదే చేసెను. అడుసు త్రొక్కనేల కాలు కడుగనేల యని తలపోసి కరక్కాయనీట నానవేసి యారవేసిన పండ్రెండు వస్త్రములను ఒక్క గీతయైన గీయకమునుపే మూట గట్టి సుంకపు చావడికి పరుగెత్తెను. పన్ను కట్టెదనని పరుగెత్తి వచ్చువానిని ఆ చావడివా రంతకుముం దెన్నడును కని యెరుగరు.

లేఖకుడు సూరప మూట విప్పి చూచి నవ్వెను. "ఏమోయి, వీనిపై రంగులేదు రూపులేదు. ఇంత తొందర యేల?"

"అయ్యా, ముందుగా చెల్లించితినేని నిశ్చింతగా పని చేసికొందును."

"నిశ్చింతయే కావలెనన్న మేమేల కాదనవలెను?" అని సూరప వట్టిగుడ్డల వెల కట్టి రూకలు పుచ్చుకొని ఎఱ్ఱమన్నును బంకను కలిపిన సిరాలో కొయ్యముద్ర నద్ది పండ్రెండు మూలలయందును పండ్రెండు మత్స్యములను పొడిచెను. వల్లభన్న గాలిలో తేలినట్లు ఇల్లు చేరి ఆనాడు కడుపార భుజించెను.

ఆరవనాటి మధ్యాహ్నమునకు మొదటి వస్త్రము ముగిసెను. నల్లగీతల నడుమ పటిక పూసి చిరివేరు ఎఱ్ఱరంగులో ఉడికించి కాలువ పారునీట జాడించుచుండగా మంకెనపూవుల యెఱుపు క్షణక్షణమును తేరుకొని మెఱయసాగెను. తన చేతి పనిని చూచి తానే మురిసిపోవుచున్న వల్లభన్న ప్రక్కన నిలిచి కొస పట్టుకొనియున్న నూకమ ఉన్నట్టుండి "ముద్ర యేదీ?" అనెను. వస్త్రము నాలుగు మూలలును త్రిప్పి చూచిరి. ఎఱ్ఱమన్ను ఎఱ్ఱమన్నుగానే నీట కలిసి పోయినది. చెల్లించిన రూకలకు గల సాక్ష్యమును అతడు తన చేతులతో తానే ఉతికివైచెను.

రెండవసారి సుంకము కట్టుటకు ఇంట రూక లేదు. ముద్ర యిదివరకే వేసితిరి నేను కడిగివైచితిని అని చావడిలో చెప్పికొన్నచో నమ్మువా డెవ్వడు? తరువాతి రెండు దినములును వల్లభన్నకు అన్నము సహింపలేదు. నూకమ యేమడిగినను పూర్ణిమకు ఎన్నినాళ్లున్నవని మాత్రము బదులు చెప్పుచుండెను. మూడవనాడు గీతపని ముగిసి ఇంకను ఉడికింపని పదునొకండు వస్త్రములను ముందు వేసికొని కూర్చుండగా అతని చేతికి ఉపాయము తోచెను. తలకు తోచినదైనచో ఒకసారి ఆలోచించియుండును. పోని నలుపు తన కుండలోనే యుండగా పోవు ఎఱుపును నమ్మి కూర్చుండుట యేల? అతడు కలము పట్టి పదునొకండు మత్స్యములపైనను గీతవెంట గీతగా పొలుసువెంట పొలుసుగా నల్లరంగున దిద్దెను. ఆ ముద్రలలో తోక యొకవైపు తెగియుండెను. సిరా సరిగ నంటలేదు కాబోలునని తలచి పనివాని చేయి యూరకుండలేక ఆ తోకను గూడ నిండుగా పూరించెను. పిదప మొదటి వస్త్రపు మూలను మరల కరక్కాయనీట తడిపి యార్చి పండ్రెండవ మత్స్యమును జ్ఞాపకమునుండి వ్రాసెను.

ఉడికించినను ఉతికినను ఆ మత్స్యములు చెక్కుచెదరలేదు. వల్లభన్న సంతోషము ఒక పూట నిలిచెను. పొదలపై ఆరవేసిన వస్త్రములను మడతపెట్టుటకు వచ్చిన చాకలి పోలయ్య మూలను చూచి చేతిలోని గుడ్డ వదలివైచెను.

"అయ్యా, ఇది రాజుగారి చేప గదా! నీవే వ్రాసితివా? ఏటేటా చావడిముందర చాటింపు వేయుట వినలేదా? రాజముద్రను పరుడు వ్రాసెనేని కుడిచేతి బొటనవ్రేలు తెగును. నేను చూడలేదు బాబూ, నన్నేమియు అడుగకుము" అని చెప్పి మూట యెత్తకయే వెడలిపోయెను.

వల్లభన్న తన బొటనవ్రేలి వంక చూచెను. కలము ఒత్తిడికి కాయ కాచి నల్లరంగు గోటిలో ఇంకిన ఆ వ్రేలే అతని చేనును చెలకయును. మూలలు కత్తిరించివైచెదమని నూకమ ఏడ్చెను. కత్తిరించినచో ముద్రలేని సరకు. ఉంచినచో దొంగముద్ర. ముందు నుయ్యి వెనుక గొయ్యి. తుదకు నూకమయే కన్నులు తుడుచుకొని "అచ్చముగ ఆ చేపవలెనే యున్నది గదా. గవని దాటించి నాగిసెట్టికి ఒప్పగింపుము. గుర్తుపట్టు వా డెవ్వడు?" అనెను. ఆ మాట తప్పని వల్లభన్న యెరుగును. అయినను పూర్ణిమ మూడు దినములలో నుండగా అతనికి వేరు త్రోవ కానరాలేదు.

మరునాటి ప్రొద్దుట అతడు మూట తలకెత్తుకొని రేవు గవనియొద్ద వరుసలో నిలిచెను. గుమ్మడికాయల దొంగ యనిన భుజములు తడవికొన్నట్లు భటు డెవ్వనివైపు తిరిగినను తనవైపే తిరిగెననుకొని కుడిచేతిని అంగవస్త్రములో దాచికొనసాగెను. అతని ముందు నిలిచిన సాలెవాని మూటలోని వస్త్రముల మూలలు పైకి కానవచ్చుచుండెను. వల్లభన్న చూపు వానిపై పడెను. ఆ ముద్రలన్నిటను మత్స్యపు తోక విరిగియే యున్నది. సాలెవానికి ముందు నిలిచిన బండిలోని సరకునందును విరిగియే యున్నది. చావడి కొయ్యముద్రయే తోక విరిగినది. ఆ రేవు మొత్తమున నిండుతోక గల చేపలు తన మూటలోని పండ్రెండే.

భటుడు "తరువాత" యని కేక వైచెను. వల్లభన్న వరుస వదలి వెనుకకు మరలెను. పారిపోవుటకు కాళ్లు ఇంటిదారి పట్టబోయినవి గాని ఇంట నేమున్నది? ఈ భయముతోడనే రేపటి ప్రొద్దును చూడవలెను. దానికంటె నరుకువానియొద్దకే పోవుట మేలని తోచి అతడు మూటతో తిన్నగా సుంకపు చావడికి నడచి సుంకాధికారి మాచనామాత్యుని ముందర పండ్రెండు మూలలను పరచి జరిగినదంతయు చెప్పెను.

మాచనామాత్యుడు నెరసిన కనుబొమలు ముడిచి లేఖకునివైపు చూచెను. సూరప ముఖము పాలిపోయెను. "రంగువేయని గుడ్డకు ముద్ర వేయుట యెచ్చటనైన కలదా ప్రభూ? ఇతని నే నెరుగను" అనెను. అధికారి తాటాకుల కట్ట తెప్పించి తానే యొక్కొక్క ఆకును త్రిప్పుచు పోగా ఆ త్రిప్పుటయందు వల్లభన్నకు ఒక యుగము గడచెను. ఒకచోట వ్రేలు నిలిచెను. "వట్టివస్త్రములు పండ్రెండు. అద్దకపు వల్లభన్న. వ్రాత నీదే గదా సూరపా?" సూరప తల వంచెను.

"చెల్లించితివి. అది సత్యము. రాజముద్రను వ్రాసితివి. అదియు సత్యమే" అని మాచనామాత్యుడు కొయ్యముద్రను తెప్పించి నల్లమత్స్యము ప్రక్కన నుంచి చాలసేపు పరికించెను. "ఈ తోక నేల పూరించితివి?"

"ఏలినవారూ, అది విరిగినదని నే నెరుగను. ఎవ్వరో తొందరపని చేసిరనుకొంటిని. అరకొరగా నున్నదానిని చూచి చేయి ఊరకుండలేకపోయినది."

అధికారి ముఖమున నవ్వు కాదు గాని నవ్వునకు దగ్గరి బంధువొకటి పొడసూపెను. "ఈ తోక విరిగి తొమ్మిదేండ్లైనది. ఇన్నేండ్లలో దొంగముద్రలు నలువది పట్టితిని. అన్నిటను విరిగిన తోకను విరిగినట్లే వ్రాసిరి. దొంగ ఉన్నదానిని ఉన్నట్లే దించును. లేనిదానిని పూరించినవాడు దొంగ కానేరడు. కాని రంగువస్త్రము వెల వేరు సుంకము వేరు. ఆ తక్కువకు ఒక వస్త్రము చావడి కిచ్చి తక్కినవానికి మా విరిగిన చేపను మరల పొడిపించుకొనుము. ఇకమీదట నీ కలము చేపను వ్రాసెనా, ఆ వ్రేలు నీది కాదు. తెలిసినదా?"

వల్లభన్న తల యూపి ఒక వస్త్రమును అచ్చటనే విడిచెను. పూర్ణిమనాడు పదునొకండు వస్త్రములు ఒక్కొక్కదాని మూలను రెండేసి చేపలతో ఓడ యెక్కినవి.

ఏడాది తిరిగి ఓడలు వచ్చినవి. నాగిసెట్టి సముద్రపుటొడ్డునుండి తిన్నగా వల్లభన్న యింటికే వచ్చి అరుగుమీద చతికిలబడెను. ఆవలి ద్వీపములలో మొదటి ఉతుకునకే ఎఱ్ఱచేప పోయెననియు నల్లచేప నిలిచెననియు అది గల వస్త్రమే మేలైనదని అచ్చటి రాణివాసముల వా రడుగుచున్నారనియు చెప్పి ఏబది వస్త్రములకు బయానా మూట ముందర నుంచెను. "వెల రెట్టింపు. ఆ నిండుతోక చేప మాత్రము మూలను ఉండితీరవలెను."

వల్లభన్న మూటవంక చూచెను. ఆ యేడాదిలో అతడు నాలుగుసార్లు సుంకము చెల్లించెను. నాలుగుసార్లును ముగించి ఉతికి ఆర్చిన వస్త్రములతోనే పోయెను. పోయినప్పుడెల్ల ఆ చావడి గడపయొద్ద అతని కుడి బొటనవ్రేలు తనంత తానే పిడికిటిలోనికి ముడుచుకొనుచుండెను. రాజుల ముద్రలు నీట పోవును. కరక్కాయనీట నానిన గుడ్డకు నలుపు పట్టినట్లు ఒకసారి మనస్సునకు పట్టిన భయము ఏ కాలువలో జాడించినను పోదు.

"తామరలు వ్రాసెదను సెట్టిగారూ. హంసలు వ్రాసెదను. చేపలు నాకు రావు" అని చెప్పి అతడు బొటనవ్రేలిని పిడికిట బిగించి లోనికి పోయెను.