ఇంకొంచెం

క్లిప్పులక్క రెండు క్లిప్పులు పెదాల మధ్య పట్టుకుని, మూడోది గౌను వీపున బిగించింది. ముందునుంచి చూస్తే గౌను ఆ మోడల్ పిల్లకే కుట్టినట్టుంది. వెనకంతా ఇనుప పళ్ళు. వెనక వైపు ఏ పత్రికవాడు వేస్తాడు?

"ఇంకొంచెం," అన్నాడు ఫొటోగ్రాఫర్.

బిగించింది. ఆ మాట విని బిగించడమే ఆమె ఉద్యోగం. పెళ్ళికి ముందు చేరింది. మనవరాలు కూడా పుట్టింది. మాట మారలేదు. వేళ్ళ కొసలు కాయలు కాశాయి. ఏ ఫొటోలోనూ ఆమె లేదు. పొరపాటున చెయ్యి పడితే తిట్లు.

సాయంత్రం ఇంకోచోట పని. ఒకప్పుడు ఇదే స్టూడియోలో మోడల్‌గా నిలబడ్డ పొడుగుపిల్ల ఇప్పుడు ఒక హాల్లో ప్రదర్శన పెట్టింది. తను గౌనులో కదలకుండా నిలబడుతుంది. జనం "ఇంకొంచెం" అన్నప్పుడల్లా అక్క ఒక క్లిప్పు పెట్టాలి.

"ఎప్పుడు ఆపాలే?"

"నువ్వు 'చాలు' అన్నప్పుడు అక్కా. నీ మాటే ఆఖరు."

"నా మాటా! మా ఇంట్లో పిల్లి కూడా వినదే తల్లీ."

జనం వచ్చారు. కాసేపు సిగ్గుపడ్డారు. తర్వాత నోళ్ళు లేచాయి. "ఇంకొంచెం! ఇంకొంచెం!" ఈలలు, నవ్వులు. వాళ్ళ మధ్య చేతులు కట్టుకుని ఫొటోగ్రాఫర్. అక్క బిగిస్తూనే, ఎవరైనా ఆపమంటారేమోనని చెవులు రిక్కించింది. ఒక్కరూ అనలేదు. పొడుగుపిల్ల పక్కటెముకలు ఆమె పిడికిలికి తగిలి అదురుతున్నాయి. వీపు చెమట చల్లబడింది. పిల్ల నోరు తెరిచి గాలికోసం వెతుక్కుంది. నటన అనుకుని చప్పట్లు కొట్టారు.

"ఇంకొంచెం, క్లిప్పులూ!" అన్నాడు ఫొటోగ్రాఫర్. అచ్చం స్టూడియో గొంతు.

అక్క చెయ్యి దానంతటదే లేచింది. సగంలో ఆగింది.

"చాలు."

కీచుమంది గొంతు. ఎవరికీ వినబడలేదు.

"చాలన్నానా! పిల్లకి ఊపిరాడట్లేదు, కళ్ళు పోయాయా మీకు? నాక్కూడా పోయాయి ఇన్నాళ్ళూ!"

రెండు చేతులా పీకింది. క్లిప్పులు టపటపా రాలాయి. పొడుగుపిల్ల వంగి గాలి మింగింది. ఈసారి చప్పట్లు లేవు.

"రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నాడు ఫొటోగ్రాఫర్, నవ్వు చెదరకుండా.

"రాను లెండి సార్."

పిల్ల భుజం మీద తన కొంగు కప్పి, పక్క తలుపులోంచి నడిపించుకుపోయింది.

మర్నాడు స్టూడియోలో ఫొటోగ్రాఫర్ "ఇంకొంచెం" అన్నాడు. వెనక ఎవరూ కదల్లేదు. తెల్ల తెర మూలన, ఆమె మోకాళ్ళ కింద వేసుకునే పాత మెత్త పడుంది, దూది రెండుచోట్ల గుంటలుగా అణిగిపోయి.