దొంగలు జాగ్రత్త

మోటారు వైండింగ్ క్లాసులో పాఠం అయ్యాక ఆమె "అర్థమైందా?" అని అడిగితే, "అయింది మేడం" అని అందరూ ఒక్క గొంతుతో అనేవారు. మర్నాటికి ఆ గొంతుల్లో ఒకటో రెండో తగ్గేవి. అర్థమైనవాళ్లు రావడం ఎందుకు మానేస్తున్నారో ఆమెకు అర్థమయ్యేది కాదు.

మానేసినవాళ్లెవరూ పోట్లాడి పోలేదు. ఫోన్ చేస్తే ఒంట్లో నలతగా ఉందనో, ఇంట్లో పని పడిందనో ఎంతో మర్యాదగా చెప్పేవారు. ఆ మర్యాదే ఆమెను తికమక పెట్టింది. కోపం ఉన్నవాళ్లయితే కారణం చెప్పేవారు.

ప్రిన్సిపాల్ ఆమెను గదికి పిలిచి, పాఠం చెప్పడం వేరు, పిల్లల్ని పట్టి ఉంచడం వేరు అన్నాడు. నెలాఖరుకు బెంచీలు సగమైనా నిండకపోతే వైండింగ్ కోర్సు ఎత్తేసి ఆ గదిని కంప్యూటర్ల వాళ్లకు ఇవ్వక తప్పదన్నాడు. తెర మీద వీడియోలు చూపించి చూడమని సలహా కూడా ఇచ్చాడు. ఆమె కిటికీలు మూయించి, గది చీకటి చేసి చూపించింది. చివరి బెంచీలో ఇద్దరు మోటారు కన్నా చక్కగా గుర్రు పెట్టారు.

ఆ గది అంతకుముందు ఆమె భర్తది. కాలేజీ అంతా ఆయన్ని మాస్టారు అనేవారు. భార్యాభర్తలిద్దరూ ఒకే చోట ఈ పని నేర్చుకున్నారు. ఆయన పాఠాలు చెప్పడానికి వెళ్తే, ఆమె ఇంటి ముందు షాపు పెట్టుకుని కాలిపోయిన మోటార్లకు మళ్లీ తీగ చుట్టేది. నిరుడు ఆయన జబ్బుచేసి పోయారు. ఆ ఖాళీలోకి కాలేజీవాళ్లు ఆమెనే రమ్మన్నారు.

ఆయన గొంతు పెద్దది కాదు. పాఠం చెబితే రెండో బెంచీ దాటేది కాదు. అయినా ఆ గదిలో ఖాళీ బెంచీ ఎవరూ చూడలేదట. ఆ మనిషి ఏం చేసేవాడు? అన్నేళ్లు ఒకే కప్పు కింద బతికి ఆమె ఆ మాట అడగనే లేదు. క్లాసు ఎలా జరిగిందంటే జరిగిందనేవారు. షాపు ఎలా జరిగిందంటే ఈవిడా అదే మాట అనేది. అక్కడితో ఆ కబురు సరి.

ఆమె ఎవరికీ చెప్పని విషయం ఒకటుంది. చేరిన కొత్తలో, పాఠాల కోసం ఆయన చుట్టి అరలో పెట్టిన మోటార్లను ఒక్కొక్కటే బల్ల మీద పెట్టి కరెంటు ఇచ్చి చూసింది. ఒకటి వెనక్కి తిరిగింది. ఒకటి గుర్రుమంది గానీ కదల్లేదు. ఇంకొకటి తిరిగినట్టే తిరిగి వేడెక్కింది. ఒక్కటీ సవ్యంగా లేదు. అన్నీ మొన్న చేరిన కుర్రాళ్లు చేసే తప్పులు. ఆ చేతి పనితనం ఆమెకు తెలుసు. జబ్బు అందరికన్నా ముందు ఆ వేళ్లకు తెలిసి ఉంటుందనుకుంది. పోయిన మనిషి పని మీద ఎవరూ మాట అనకూడదని, క్లాసు అయ్యాక తలుపు దగ్గరకు వేసుకుని వాటన్నిటినీ సరిచేసింది.

ఒక్కదాని తప్పు మాత్రం చిక్కలేదు. మీటరు పెడితే అంతా బాగానే ఉందంటుంది, కరెంటు ఇస్తే గుర్రుమంటుంది, తిరగదు. తీగచుట్టలు విప్పితే తెలిసిపోయేది. విప్పాలంటే వాటి మీద ఆయన బిగించి కట్టిన దారం కోయాలి. చెయ్యి రాలేదు. దాన్ని అర వెనక్కి నెట్టేసింది.

ఆ అరకు తాళం కూడా ఆమె వేయించిందే. చివరి రోజుల్లో ఆయన ఒకే మాట పదే పదే అనేవారు, "దొంగలు జాగ్రత్త" అని. రాగితీగ అంటే దొంగలకు ఎంత మోజో ఆమెకు తెలియనిది కాదు. నేను చూసుకుంటాను, మీరు పడుకోండి అంది. అన్న మాట ప్రకారం కాలేజీలో చేరాక మంచి తాళం కొని వేయించింది.

మానేసినవాళ్లలో మొదటిది 'వదిన'. పెళ్లయి, వయసులో పెద్దదైనందుకు క్లాసు మొత్తానికి ఆమె వదినే. పనిమంతురాలు. అలాంటి మనిషి ఎందుకు మానేసిందో తెలుసుకుంటే మిగతాదంతా తెలుస్తుందనిపించి, ఒక మధ్యాహ్నం మేడం వదిన పనిచేసే లాండ్రీకి వెళ్లింది. గోడ పొడుగునా ఉతికే యంత్రాలు తిరుగుతున్నాయి. వదిన దుప్పట్లు మడత పెడుతోంది. మేడంని చూసి కంగారుపడి, స్టూలు తుడిచి వేసింది.

"తిట్టడానికి రాలేదమ్మా, తెలుసుకుందామని వచ్చాను. ఎందుకు మానేశావు?"

"ఇంట్లో పని పడింది మేడం."

"అది ఫోన్లో చెప్పావుగా."

వదిన నవ్వి, దుప్పటి అంచులు కలిపింది. "మీ పాఠానికి వంక పెట్టేదేం లేదు మేడం. అంతా సరిగ్గా ఉంటుంది. అంతా సరిగ్గా ఉన్నచోట ఇక నాతో పనేముంటుంది చెప్పండి? మాస్టారు ఉన్నప్పుడైతే దొంగ ఉండేవాడు."

"ఏ దొంగ?"

వదిన చేతులు ఆగాయి. మేడం వేళాకోళమాడుతోందా అన్నట్టు ముఖంలోకి చూసింది. "ఇంట్లో చెప్పలేదా ఆయన?"

లేదని తల ఊపితే, వదిన చెప్పుకొచ్చింది. రోజూ సాయంత్రం మాస్టారు అరలోంచి ఒక మోటారు తీసి బల్ల మీద పెట్టేవారు. అందులో ఎక్కడో ఆయన కావాలని పెట్టిన తప్పు ఒకటి ఉంటుంది. అదే దొంగ. "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మీరు పడతారేమో చూద్దాం" అనేసి చేతులు కడుక్కుని వెళ్లిపోయేవారు. ఇక వీళ్లకు ఇంటికి వెళ్లినా మనసు ఆ బల్ల మీదే. 'బుల్లెట్' అనే కుర్రాడు బస్సులో దాని గురించి వాదించి వాదించి దిగాల్సిన చోటు దాటిపోయాడు. వదిన వంట చేస్తూ కూడా పైకే లెక్కలు కట్టేది. ఎవడే ఆ దొంగ, నా పేరు కన్నా వాడి పేరే ఎక్కువ వినిపిస్తోంది ఇంట్లో అని ఆమె మొగుడు సాధించేవాడు. తెల్లారితే గేటు తీయకముందే అందరూ అక్కడుండేవారు. దొంగను పట్టినవాళ్లు మిగతావాళ్ల కోసం ఇంకో దొంగను పెట్టాలి, అదీ నియమం.

"ఒకసారి నేను పెట్టిన దొంగ ఆయనకే దొరకలేదు మేడం. ఎంత మురిసిపోయారో. మీరొచ్చాక దొంగలంతా మాయమైపోయారు. అరకు తాళం కూడా పడింది. ఈవిడకు ఇవన్నీ ఇష్టం లేదు కాబోలు అనుకున్నాం."

పక్కన యంత్రం ఒకటి తిరిగి తిరిగి ఆగింది. ఆమె దానికేసి చూస్తూ కూర్చుంది. ఊరెళ్లే తల్లి పిల్లలు జాగ్రత్త అంటుంది. అంటే పిల్లల్ని చూసి భయపడమని కాదు, వాళ్లను చూసుకోమని. ఆయన అన్నదీ ఆ మాటే. ఈవిడ వెళ్లి తాళం కొనుక్కొచ్చింది.

"దొంగలందర్నీ నేనే పట్టేశానమ్మా" అంది చివరకు. "తప్పులనుకున్నాను."

"అన్నీనా?"

"ఒక్కటి మిగిలింది. నాకు చిక్కలేదు."

వదిన మడత పెట్టిన దుప్పటి పక్కన పెట్టేసింది. "గుర్రుమంటుందా, అసలు పలకదా?"

మర్నాడు ఆమె అర తాళం తీసి మళ్లీ వేయలేదు. వెనక్కి నెట్టిన మోటారును తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. ఇది మాస్టారు పెట్టిన దొంగ, నాకూ దొరకలేదు, కట్టిన దారం మాత్రం కోయకూడదు అని చెప్పింది.

"కోయకుండా ఎలా మేడం?" అన్నాడు బుల్లెట్.

"తెలిస్తే మిమ్మల్నెందుకు అడుగుతాను?"

ఆ రోజు అర్థమైందా అని ఆమె అడగలేదు. అడగడానికి ఏమీ చెప్పలేదు కూడా. కబురు ఎవరు మోసుకెళ్లారో గానీ, ఒంట్లో నలతగా ఉన్నవాళ్లకు నయమైంది, ఇంట్లో పనులు తెమిలాయి. వదిన లాండ్రీలో వేళలు మార్చుకుని వచ్చింది. మీటరు వాళ్లనూ మోసం చేసింది. ఒకడు కండెన్సరు మార్చి చూశాడు. ఒకడు ఇరుసును చేత్తో తిప్పి వదిలితే మోటారు పరుగందుకుంది, స్విచ్చి ఆపి మళ్లీ వేస్తే మళ్లీ గుర్రు. మాస్టారు కూడా పొద్దున్నే ఇలాగే, లేపితే గానీ లేచేవారు కాదని ఆమె నోరు జారింది. ఆమే ముందుగా నవ్వింది.

నెలాఖరున ప్రిన్సిపాల్ తలుపు దగ్గర నిలబడి చూశాడు. జనం కందిరీగల్లా బల్ల చుట్టూ మూగి ఉన్నారు.

"బెంచీలు నింపమన్నాను, ఒక్కరూ కూర్చోలేదేమిటమ్మా?"

"దొంగను వెతుకుతున్నారండి."

ఆయన చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదికి పోయింది. కాసేపు తలలు లెక్కపెట్టినట్టు నిలబడి, కంప్యూటర్లు పై అంతస్తులోనైనా పడతాయిలెండి అని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే బుల్లెట్ ఎక్కడినుంచో చిన్న దిక్సూచి తెచ్చాడు. తీగల్లోకి బ్యాటరీ కరెంటు కొద్దిగా ఇచ్చి, వదిన దిక్సూచిని లోపల ఒక్కో చుట్ట ముందుకు జరుపుతూ పోయింది. సవ్యంగా ఉన్నచోట ముల్లు ఒకసారి ఇటూ ఒకసారి అటూ, వరస తప్పకుండా తిరగాలి. ఒక చుట్ట దగ్గర ముల్లు వరస తప్పింది. బోర్డు దగ్గర ఉన్న ఆమెకు కేక వినిపించింది.

"మేడం, రండి, దొరికాడు."

ఆమె చేతిలో సుద్దముక్క అలాగే ఉంది. వెనక్కి తిరగలేదు.

"ఎక్కడో నాకు చెప్పకండి" అంది. "దాన్ని అలాగే బల్ల మీద ఉంచి వెళ్లండి. రేపు నేనూ రావాలిగా."