తిత్తి గుంజిన చెయ్యి

టోపీని చూసి కాల్చారని సిద్దయ్య, విల్లును చూసి కాల్చారని బాలమల్లు. అన్నదమ్ముల వాదం జొన్నగట్క గిన్నెలు సగమయ్యేసరికే ముదిరింది. మూడు రోజులుగా ఆ ఇంట్లో ఇదే మాట. ఈదమ్మ ఇద్దరి గిన్నెల్లో మజ్జిగ పోస్తూ, తాను అడిగినదానికి ఎవరైనా జవాబు చెబుతారేమోనని చూసింది. ఆమె అడిగింది వేరు. దూదేకుల పెంటుసాబు పోయి ఇవాళ్టికి మూడో దినం, ఒక్కసారి అతని భార్య ఖాసింబీ దగ్గర కూర్చుని వస్తానంది.

"గిప్పుడు మనింటి ఆడది పొయ్యి ఆ గడపల కూసుంటే ఊరేమనుకుంటది?" అన్నాడు మొగుడు బాలమల్లు. అని, మళ్ళీ తమ్ముడి వైపు తిరిగిపోయాడు.

మేడ్చలుకూ శామీర్‌పేటకూ నడుమనున్న ఆ పల్లెలో ఆ శ్రావణమాసం ఎవరికీ కంటినిండా నిద్ర లేదు. రజాకార్లు పక్క ఊళ్ళో గడ్డివాములు తగలబెట్టిపోయినప్పటి నుంచీ మగవాళ్ళు వంతులేసుకుని పొలిమేర కాస్తున్నారు. వాళ్ళ చేతుల్లో ఉన్నవి బాలమల్లు కొలిమిలో పుట్టిన భర్మార్లు, మందుగుండూ ఇనుపముక్కలూ గొట్టంలో కూరి పేల్చే నాటు తుపాకులు. ఆ సాయంత్రం పెంటుసాబు తూంకుంటలో పరుపులకు దూది ఏకి, సన్నటి తుంపరలో ఇంటికి వస్తున్నాడు. తలమీద టోపీ. భుజం మీద మనిషంత పొడుగు దూదేకే విల్లు, దాని నరపుతాడు తడవకుండా గోనెపట్టా చుట్టాడు. మసక వెలుతురులో అది కాపలా ఉన్న నలుగురికి తుపాకిలా కనిపించింది. ముప్పై ఏళ్ళుగా ఆ బాటన వచ్చే మనిషిని, ఎవరని అడగకుండానే కాల్చేశారు. ఆ నలుగురిలో సిద్దయ్య ఒకడు. ఎవరి చెయ్యి పేల్చిందో నలుగురూ చెప్పరు.

అంతా మతంతోటే వచ్చిందంటాడు సిద్దయ్య. వాళ్ళ మతపోళ్ళు ఊళ్ళమీద పడకపోతే టోపీని చూసి తమకు గుండె ఎందుకు జారాలని అడుగుతాడు. మతానిదేముంది, అది తాతలనాటి నుంచీ ఉన్నదే, తుపాకులు వచ్చాకే విల్లు కూడా తుపాకిలా కనబడే ఈ పీడ వచ్చిందంటాడు బాలమల్లు. చేతిలో కర్రలుంటే దగ్గరికి పోయి మొహం చూసేవాళ్ళు, పెంటుసాబే అని నవ్వుకుని వచ్చేవాళ్ళు అంటాడు.

ఈదమ్మకు ఆ మాట నిజమనిపించింది. కానీ ఆ మాటంటున్నవాడి కళ్ళు మూలనున్న ఇనుపరేకును కొలుస్తున్నాయి. వారం లోపల ఇంకో ఆరు తుపాకులు కావాలని ఊరి పెద్దలు చెప్పి పోయారు. మతమంటున్న సిద్దయ్య నిరుడు పీర్ల పండుగకు పెంటుసాబు పక్కనే పీరునెత్తుకుని నిప్పులు తొక్కాడు. ఈదమ్మ పెళ్ళిబొంతకు దూది ఏకినవి కూడా పెంటుసాబు చేతులే. నేరం ఒకరు టోపీ మీద పెట్టారు, ఒకరు తుపాకి మీద పెట్టారు. తమ మీద పెట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు ఈ ఇంట్లో, అనుకుందామె. అన్నం తిని చేతులు కడిగినట్టు, మాటలాడి చేతులు కడుక్కుంటున్నారు.

అత్త దుర్గమ్మ అంతసేపూ గోడకానుకుని కూర్చుంది. ముప్పై ఏళ్ళు కొలిమి తిత్తి గుంజి గుంజి ఆమె కుడిభుజం పైకి లేవదు. ఆమె చెయ్యి పడిపోయిన నాడే తిత్తి తాడు ఈదమ్మ చేతికొచ్చింది. వంట అయ్యాక తిత్తి, తిత్తి అయ్యాక వంట. సమ్మెట కొట్టే సిద్దయ్యది పని, పట్టుకారు పట్టే బాలమల్లుది పని. ఆమెది మాత్రం 'గాలి కొట్టుడు'. ఎవరైనా అడిగితే, మేమిద్దరమే పనిచేస్తం కొలిమిల అనేవాడు బాలమల్లు, ఆమె తాడు గుంజుతుండగానే.

మగవాళ్ళు లేచి బయటికి పోయాక దుర్గమ్మ నెమ్మదిగా అంది. "బిందె దీస్కపో. నీళ్ళకు పొయ్యేదాన్ని ఎవలాపుతరు?"

ఖాసింబీ ఇంట్లో జనం లేరు. గౌడవెల్లి నుంచి వచ్చిన చెల్లెలొకతి పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. ఈదమ్మ బిందె దించి పక్కన కూలబడగానే ఖాసింబీ ఆమె చెయ్యి పట్టుకుంది, ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. కాసేపయ్యాక కొంగుముడి విప్పి చూపించింది. మయ్యత్తుకు స్నానం చేయించినవాళ్ళు పెంటుసాబు ఒంట్లోంచి తీసిన ఇనుపముక్కలు. పారేయడానికి చేతులు రావడం లేదంది.

ఈదమ్మ వాటిని చూసింది. ఎడ్లకాళ్ళకు కొట్టే నాడాల మేకులు, ముక్కలుగా నరికినవి. ప్రతి ముక్కా ఒక కొస ఏటవాలుగా తెగి ఉంది. ఈదమ్మది ఎడమచేతి వాటం. ఉలి పెడితే ఏటవాలుగానే పడుతుంది. మేకు నరకడం కూడా సక్కగ రాదు నీకని మొగుడు ఎన్నిసార్లు నవ్వాడో. బోనాల ముందు రెండు పగళ్ళు కూర్చుని దోసిళ్ళకొద్దీ నరికింది. అడవిపందులు జొన్నచేలు తొక్కుతున్నాయి, బెదిరించడానికి, అన్నారు. ఆమె అడగలేదు. బియ్యంలో రాళ్ళేరినంత శ్రద్ధగా, పెద్దవొక పక్క, చిన్నవొక పక్క పోసిపెట్టింది.

నోరు తెరవబోయింది. ఆమె మొహం చూసి ఖాసింబీ వేరేలా అర్థం చేసుకుంది.

"నీ పెనిమిటి జేసిన తుపాకని నాకెర్కే చెల్లె. దాంట్ల నీదేమున్నది? ఆడిదానివి, నువ్వేం జేస్తవ్?"

తిట్టినా బాగుండేది. ఈదమ్మ బిందె ఎత్తుకుని, బావిలో నీళ్ళు ముంచుకుని ఇంటిదారి పట్టింది. నువ్వేం జేస్తవ్. ఇదే మాట ఇంట్లోనూ అంటారు, వేరే గొంతుతో. పదేళ్ళు తాడు గుంజితే అది పని కాదన్నారు. ఆ గాలికే ఇనుము ఎర్రబడింది, ఆ ఎరుపులోనే రేకు గొట్టమైంది, ఆ గొట్టంలో తను నరికిన మేకులే కూరారు, అయినా నీదేముంది అంటున్నారు. కష్టంలో లెక్కకు రాని చేతులు పాపంలోనూ లెక్కకు రావన్నమాట. ఇంత బతుకు బతికి, చివరికి చావులో కూడా తన పాలు తనకు దక్కదా? దారిలో రెండుచోట్ల ఆగింది. తనను తాను మనిషినని అనుకోవాలంటే ఆ మేకులు తనవని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే పట్టుకున్న ఆ చెయ్యి ఖాసింబీ వదిలేస్తుంది. ఊళ్ళో తనకున్న ఒకే ఒక్క స్నేహం అది.

ఇంటికొచ్చేసరికి కొలిమిలో బొగ్గులు పేర్చి ఉన్నాయి. రేకు కడ్డీకి చుట్టి సిద్ధంగా ఉంది. అన్నదమ్ముల వాదం ఇంకా తెగలేదు, టోపీ, విల్లు, టోపీ. బాలమల్లు తలెత్తకుండానే, జల్దీ రా, తిత్తికాడ కూసో అన్నాడు.

ఈదమ్మ బిందె దించింది. తడి చేతులు చీరకు తుడుచుకుంది. తిత్తి దగ్గర కూర్చోలేదు.

"నీ పంచాయితి తర్వాతనే, పొద్దు వోతాంది," అన్నాడు మొగుడు, ఆమె ఏమీ అనకముందే.

"పంచాయితి మీది. నాది గాదు," అందామె. గొంతు ఎప్పటిలాగే తగ్గు గొంతు. "పెంటుసాబు పెయ్యిల దిగినయి నేను నరికిన మేకులు. నా కండ్లతోని జూసిన."

సిద్దయ్య చేతిలో సమ్మెట కిందికి వాలింది. నీకెందుకు వదినె, చేసింది మేము, నువ్వు గాలే గదా కొట్టింది అన్నాడు. ఆమెను కాపాడుతున్నాననే అనుకున్నాడతను.

దుర్గమ్మ గోడ నుంచి జరిగి, లేవని భుజాన్ని రెండోచేత్తో పట్టుకుని, కోడలి వైపే చూస్తోంది. ఈదమ్మ ముగ్గురినీ ఒక్కొక్కరినే చూసింది.

"కర్రుకు గుంజుత. కొడవలికి గుంజుత. తుపాకి గొట్టం పెడితే తిత్తి గుంజను, మేకు నరకను. రేపు పొద్దుగాల పొయ్యి ఖాసింబీకి చెప్పొస్త, ఆమె మొగని సావుల నా చెయ్యి గూడ ఉన్నదని."